‘ఏకవీర’ – అంతస్తుల ప్రసక్తి

‘భారతి’లో ధారావాహికముగా వెలువడిన విశ్వనాథవారి ‘ఏకవీర’ను ధర్మకామముల సంఘర్షణగాఁ జెప్పుట పరిపాటి. సత్యమే, కాని యా సంఘర్షణకు మూలమెక్కడ? మధుర నాయకరాజుల కాలమున సంపన్నుఁడైన సేతుపతి పేదయింటి మీనాక్షిని వలచెను; సామాన్యుఁడైన వీరభూపతి ధనికపుత్రియైన ఏకవీరను వలచెను. రెండు ప్రేమలను విఱిచినది అంతస్తు. పిమ్మట నొకరి ప్రియురాలిని మఱొకరు, ఆ సంగతి యెఱుఁగకయే, పెండ్లాడిరి, ఇరువురును ప్రాణమిత్రులు! అంతస్తులు కుదిరిన యా పెండ్లిండ్లే రెండిండ్లను శూన్యము చేసినవి.

ఇచ్చట రచయిత యంతస్తు మాట విడిచి, భారమంతయు దంపతుల మనోనిగ్రహముపై, అందును ముఖ్యముగా ఏకవీరపై, మోపెను. తూకము చూచి పెండ్లి కుదిర్చిన పెద్దలను నవల గట్టిగాఁ బ్రశ్నింపదు. ఈ మౌనము శిల్పసంయమమని కొందఱనవచ్చును. మాకు లోపముగానే తోఁచుచున్నది. ఆ ప్రశ్న వేసియున్నచో, ఏకవీర తడఁబాటు ఆమె యొక్కతెదే యయ్యెడిది కాదు.