శంకుదేవుడు ఏ అరలో?

అరకు పక్కన డుంబ్రిగుడ దగ్గర పనిచేసే టీచరు మిత్రుడు బడిలో పుస్తకాల బీరువా సర్ది, అరలకు చీటీలు అంటించాడు: పౌరాణికం, జానపదం, ఫాంటసీ, సైన్సు కథలు. కొండ ఊళ్లలో సేకరించిన కథల పుస్తకం ఫాంటసీ అరలోకి వెళ్లింది. అందులో ఆ ఊళ్లవాళ్లు కొలిచే శంకుదేవుడి కథ ఉంది. కొండదొర తెగ పిల్లాడొకడు అది పట్టుకొచ్చి, "ఈయనకి మొన్న పండక్కి కోడినిచ్చాం గదా సార్, ఇందులో ఎందుకెట్టారు?" అని అడిగాడట. మిత్రుడు జవాబు కోసం నాకు ఫోన్ చేశాడు. ఆ చీటీ మీద నాకు కోపం వచ్చింది.

కథలకు కులాలు కట్టొద్దన్న నా వాదన ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. మన సినిమావాళ్లు పౌరాణికం, జానపదం, సాంఘికం అని గీతలు గీసుకున్నారు. 1951 నాటి పాతాళభైరవి జానపదం, సరే. మరి యముడో, దేవకన్యో భూమ్మీదికి దిగొస్తే? 1977లో యమగోల, 1990లో జగదేకవీరుడు అతిలోకసుందరి ఆ గీతల్ని తొక్కుకుంటూ పోయాయి. వాటికోసం సోషియో ఫాంటసీ అనే పేరు పెట్టుకున్నాం. ఇంగ్లీషులోనూ అంతే. హై ఫాంటసీ, అర్బన్ ఫాంటసీ, గ్రిమ్‌డార్క్, ఈమధ్య రొమాంటసీ. జనం దేన్ని ఎగబడి చదివితే దానికో పేరు పుడుతుంది.

ఏ పేరూ లేకుండానే పిల్లల్ని కట్టిపడేసిన ఫాంటసీ మనకుంది. 1954లో చందమామలో తోకచుక్క సీరియల్ మొదలైంది. అదే ఏడాది ఇంగ్లండులో టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగం అచ్చయింది. ఆయన పుస్తకం చుట్టూ విమర్శకులు ఒక శాఖనే నిలబెట్టారు. తోకచుక్క రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరైతే సీరియల్ మీద కూడా పడలేదు. మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం... రెండు దశాబ్దాలకు పైగా ఆయన రాస్తూనే ఉన్నారు, చిత్రా బొమ్మలు వేస్తూనే ఉన్నారు. మా ఇంట్లో ఆ సంచికలు బైండు చేయించి పెట్టారు. ముసురు పట్టి కరెంటు పోయిన రాత్రుల్లో అక్క లాంతరు దగ్గర చదివేది, నేను బొమ్మల మీదికి వంగి వినేవాణ్ణి. రాకాసిలోయ అనంతగిరి ఘాటుకు అవతలే ఎక్కడో ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి గుహలో చిక్కుకున్నచోట 'ఇంకా ఉంది' అని పడితే, తర్వాతి సంచిక వెతికేదాకా అక్కను పడుకోనిచ్చేవాణ్ణి కాదు. ఎన్ని గండాలొచ్చినా వాళ్లు నెగ్గుకొచ్చేది కత్తితో, బుర్రతో, స్నేహంతో. ఆ కథల్ని నేను ప్రేమించింది అందుకే. అది ఏ రకం ఫాంటసీ అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

అయినా ఆ పిల్లాడి ప్రశ్నకు ఇది జవాబు కాదు. విమర్శకుల లెక్క ఒకటి చూద్దాం. 2008లో ఫరా మెండెల్‌సన్ అనే బ్రిటిష్ విమర్శకురాలు, మాయ కథలోకి ఎటునుంచి వస్తుందో చూసి ఫాంటసీని నాలుగు రకాలు చేసింది: ద్వారం దాటి వేరే లోకానికి వెళ్లేవి, మొదట్నుంచీ ఆ లోకంలోనే నడిచేవి, మన లోకంలోకి మాయ చొరబడేవి, ఉందో లేదో తేలకుండా అంచున నిలిచేవి. దాసరివారివి రెండో రకం. యండమూరి తులసిదళం మూడోది. మామూలు ఇంట్లోకి చేతబడి వచ్చిందంటే చదివేవాడు తన ఇంటి తలుపు వైపు చూస్తాడు. ఆ నవల అంతగా పాకిపోవడానికి కారణం అదే. ఈ విభజన నాకు నచ్చింది. పాఠకుడికి ఏ భయం, ఏ ఆశ కావాలో అది చెబుతుంది.

శంకుదేవుడు ఈ నాలుగింట్లోనూ ఇమడడు. ఎందుకంటే ఆ నాలుగింటికీ ఒక ఒప్పందం ఉంది: ఇది కల్పన అని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. కోడిని ఇచ్చి వచ్చిన పిల్లాడు ఆ ఒప్పందం చేసుకోలేదు. చీటీలన్నీ పీకేయమని మిత్రుడితో అందామనుకున్నాను. కానీ పీకేస్తే వాడి దేవుడు మాంత్రికుల కథల మధ్య కలిసిపోతాడు. క్షుద్ర నవలల్లో మా కొండల మనుషుల్ని మంత్రగాళ్లను చేసి చూపించింది చాలు. ఇక్కడ గీత కావాలి. రామాయణం ఏ అరలో ఉందో శంకుదేవుడి కథా అక్కడే ఉండాలి.

అలాగని పుస్తకం మొత్తాన్నీ ఎత్తి అక్కడ పెట్టడమూ తప్పే. అందులో పులిని నక్క మోసం చేసిన కథ ఉంది, రాత్రి నెగడు చుట్టూ నవ్వుకోవడానికి చెప్పేది. ఏది మొక్కుకునేదో, ఏది నవ్వుకునేదో కొండ మీద అందరికీ తెలుసు. ఆ తేడా చెప్పాల్సింది ఊరి పూజలు చేసే గురుమాయీ, ఆ పిల్లాడి నాయనమ్మా. టీచరూ కాదు, నేనూ కాదు. మిత్రుడితో అదే అన్నాను.

కథలు సేకరించేవాళ్లకు, అచ్చేసేవాళ్లకు ఒక మనవి. ప్రతి కథ పైనా దాన్ని చెప్పిన మనిషి పేరు, ఊరు, ఏ భాషలో చెప్పారో వేయండి: ఆదివాసీ ఒడియానా, కువినా, గదబా. అది పూజలో చెప్పేదో, పొద్దుపోక చెప్పేదో వాళ్లనే అడిగి రాయండి.