బొబ్బిలి కథయు చందుర్తి పొలమును

బొబ్బిలి యుద్ధము 1757 జనవరి 24వ తేదీన జరిగినది. దిట్టకవి నారాయణకవి దానిని రంగరాయచరిత్రమను కావ్యముగా రచించెను. జంగములు పాడిరి, వేదము వేంకటరాయశాస్త్రిగారు నాటకము వ్రాసిరి. తాండ్ర పాపారాయుఁడు విజయరామరాజును చంపి పగ తీర్చుకొనుటతో శ్రోతలు తృప్తులై లేతురు. మా యాక్షేపణ మిచ్చటనే.

కోట పడుననఁగా మగవారు తమ యాఁడువారిని, బిడ్డలను స్వహస్తములతోఁ జంపిరి. కథకులు దీనిని మానరక్షణమని కొనియాడుదురు. ఆ తల్లుల సమ్మతి నడిగినవారెవరు? శౌర్యవర్ణనకు వేలకొలఁది మాటలున్న భాషలో ఈ ప్రశ్నకుఁ జోటు లేదా?

మఱియొకటి. కథ ముగిసినను చరిత్ర ముగియలేదు. విజయరామరాజు వెనుక వచ్చిన ఆనందగజపతి ఫ్రెంచివారితో వైరము పూని యింగ్లీషువారిని పిలిచెను. 1758 డిసెంబరులో మన గొల్లప్రోలు చెంతనున్న చందుర్తి పొలములలో కర్నల్ ఫోర్డు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు నోడించి రాజమహేంద్రవరము చేరెను. 1759 ఏప్రిలులో బందరు కోటను బట్టెను. జమీందారుల పగలు మన గోదావరి సీమ కంపెనీ చేతఁ బడుటకు దారితీసిన కారణములలో నొకటి. అయినను చందుర్తికి బొబ్బిలికున్న ప్రసిద్ధి లేదు.

యుద్ధమును వేఱొక చూపుతోఁ జూచిన కళాకారులు లేకపోలేదు. 1808లో నెపోలియను సేనలు స్పెయినుపైఁ బడినప్పటి ఘోరములను గోయా 82 ఫలకములపైఁ జెక్కెను. వానిలో మిక్కిలిగాఁ గానవచ్చువారు సేనానులు గారు, పేరులేని స్త్రీపురుషులు. పాపారాయుని సాహసమును మేము తక్కువ చేయము. కాని కథ విన్న బాలిక "ఆ అమ్మలేమనిరి? తరువాత నేమయ్యెను?" అని యడిగినచో బదులు చెప్పఁగల కథ మనకుఁ గావలెను.