రెండు డాక్యుమెంటరీ చిత్రములు : ఆలంబనోద్దీపన విచారము

జంతువులయెడ మానవునకు గల మమతను, సంఘములోని సంక్షోభమును ఒక్క చిత్రమున చూపదలచిన డాక్యుమెంటరీ దర్శకునకు ఒక చిక్కు కలదు. ఆ రెండింటిలో ఏది ఆలంబనము, ఏది ఉద్దీపనము? ఆలంకారికులు కావ్యనాటకములకై ఏర్పరచిన ఈ విభాగము యథార్థ చిత్రములకు చెల్లునా యని కొందరు శంకింపవచ్చును. చెల్లుననియే మా అభిప్రాయము. 2022లో వెలువడిన రెండు భారతీయ చిత్రములను గైకొని దీనిని పరిశీలింతము.

మొదటిది కార్తికీ గోన్సాల్వెస్ దర్శకత్వము వహించిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’. 2023లో లఘు డాక్యుమెంటరీలలో ఆస్కారు బహుమతి నందినది. నీలగిరి ప్రాంతమున ముదుమలై అడవిలో, తెప్పకాడు ఏనుగుల శిబిరమున, కాట్టునాయకన్ తెగకు చెందిన బొమ్మన్, బెల్లీ అను దంపతులు రఘు యను తల్లిలేని గున్నను పెంచిన కథ యిది. వాత్సల్యము నిండుగా పండినది, కాదనము. గున్న ఆలంబనము, తక్కినదంతయు ఉద్దీపనమే. చిక్కు ఇచ్చటనే వచ్చినది. రఘు తల్లి విద్యుద్ఘాతమున మరణించినది. బెల్లీ మొదటి భర్తను పులి చంపినది. పెరిగిన రఘును అటవీశాఖవారు వేరొకరి పోషణకు అప్పగించిరి. ఈ మూడును ప్రేక్షకుని కన్నీటిని పెంచుటకే వినియోగపడినవి. ఏనుగు విద్యుత్తునకు బలియగు స్థితి ఎట్లు ఏర్పడెను, శాఖ నిర్ణయములో పెంచినవారి మాటకు చోటెంత యను ప్రశ్నలు పుట్టనే లేదు. పులి విషయము మరియు విచారణీయము. భర్తను పొట్టనబెట్టుకొన్న అడవియే బిడ్డవంటి గున్న నిచ్చినది. ఇంతటి సంఘర్షణను చిత్రము ఒకటి రెండు మాటలలో దాటిపోయినది. సుమారు 40 నిమిషముల చిత్రమున అన్నియు ఇముడవనుట సమాధానము కాజాలదు. అడవి సొగసులకు చోటు దొరికినది గదా!

శౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీద్స్’ దారి వేరు. 2022లో సన్‌డాన్స్ ఉత్సవమున ప్రపంచ డాక్యుమెంటరీ విభాగపు ప్రధాన బహుమతిని, అదే యేట కాన్ ఉత్సవమున డాక్యుమెంటరీలకిచ్చు ‘స్వర్ణనేత్ర’ బహుమతిని పొందినది. ఢిల్లీలో నదీమ్ షెహజాద్, మహమ్మద్ సవూద్ అను సోదరులు, గాలిపటముల మాంజా తగిలి రెక్కలు తెగిన నల్లగ్రద్దలకు చికిత్స చేయుచుందురు. కండరములను గూర్చిన జ్ఞానము వారికి దేహదారుఢ్య వ్యాయామము వలన అబ్బినది, చికిత్సాస్థలము నేలమాళిగ.

ఈ సేవ మొదలైన విధమునందే చిత్రమునకు బీజము కలదు. గాయపడిన గ్రద్దను తొలుత వారు పక్షుల ఆసుపత్రికి కొనిపోగా, అది మాంసాహారి యను కారణమున చేర్చుకొనలేదు. తినెడి తిండిని బట్టి ప్రాణికి అర్హత నిర్ణయించుట ఆ పక్షితో ఆగునది కాదు. కావున గ్రద్దను ఇంటికి తెచ్చుటయే ఇచ్చట సంఘవిమర్శ యైనది; వేరుగ ఉపన్యాసము అక్కరలేకపోయినది.

చిత్రీకరణ కాలముననే, 2019 చివర, పౌరసత్వ సవరణ చట్టముపై నిరసనలు చెలరేగెను. 2020 ఫిబ్రవరిలో ఈశాన్య ఢిల్లీలో అల్లరులు జరిగెను. దర్శకుడు వానిని తెర నడిమికి లాగలేదు. నినాదములు దూరమున వినబడును. ఇంటివారి మాటలలో భయము తొంగిచూచును. చేతులు మాత్రము పక్షి రెక్కకు కట్టు కట్టుచునే యుండును. గ్రద్దను పీడితజనమునకు ప్రతీకగా చదువుట సులభము. మేమట్లు చదువనొల్లము. అనంతామాత్యుని భోజరాజీయములో ఆవు మనుష్యభాషలో పలికి, ఆడిన మాట నిలుపుకొని, పులిని కరగించును, అది కావ్యధర్మము. ఇచ్చట పక్షి పలుకదు, దాని మౌనమునకు అర్థము చెప్పు తొందరయు చిత్రమునకు లేదు. పక్షియు, కుటుంబమును ఒకే చెడుగాలిని పీల్చుచు, ఒకదానికొకటి ఉద్దీపనము కాక, రెండును ఆలంబనములై నిలిచినవి.

లోపములు లేకపోలేదు. నేపథ్యమున వినవచ్చు సోదరుల మాటలు అక్కడక్కడ సూక్తులవలె నునుపెక్కినవి. రాత్రివేళ ఎలుకల గుంపులను చూపు తొలి దృశ్యము తన అందమునకు తానే మురిసినట్లు తోచును. అయినను, సోదరుల సహాయకుడైన సాలిక్ రహమాన్ ముఖముపైనుండి గ్రద్ద యొకటి కళ్లద్దములను తన్నుకొనిపోవు ఘట్టమును మేము మరువలేము. గున్న తన్ను పెంచినవారిని అల్లుకొనిపోయినది. గ్రద్ద అట్టిదేమియు ఈయదు. అద్దములు పోయినను వారు గ్రద్దలకు మాంసము సిద్ధపరచుట మానలేదు.