చేతులు వెనుకకు కట్టుకొని

అమెరికాలోని ప్రాథమిక పాఠశాలలయందు టెక్నాలజీ స్పెషలిస్టు అనునొక ఉద్యోగము కలదు. నా జీవిక దానిపైననే. ‘కంప్యూటర్లు బాగుచేస్తావా, పాఠాలు చెప్తావా?’ అని ఊరినుండి బంధువులు ఫోనులో అడుగుదురు. రెండును చేయుదును. హెడ్‌ఫోన్ రంధ్రమున విరిగి చిక్కుకొన్న మొనను పెకలించుట, ఏ చిరంజీవియో గోటితో ఊడబెరికిన మీటను క్రోమ్‌బుక్కునకు మరల అతికించుట, పదుమూడేండ్లలోపు పిల్లల వివరములు సేకరించువారిని కట్టడిచేయు 1998 నాటి చట్టమును ముందుంచుకొని ఏ యాప్ తరగతిలోనికి రావచ్చునో తేల్చుట, ఇంటర్నెట్టునకు ప్రభుత్వపు రాయితీ పొందు బడులు 2000 నాటి మరియొక చట్టముననుసరించి పెట్టితీరవలసిన వడపోత పాఠమునకు కావలసిన పుటనే మూసివేసినప్పుడు ఉపాధ్యాయినులచేత మాటపడుట, ఇవన్నియు మధ్యాహ్న భోజనమునకు ముందే ముగియవచ్చును.

ఇవి ఓపిక యున్న యెవరైనను నేర్వగలవి. కష్టమైన విద్య వేరొకటి గలదు.

కిండర్‌గార్టెన్ పిల్లలకు పాస్‌వర్డ్ టైపుచేయుట రాదు గనుక వారికి క్యూఆర్ కోడ్ అచ్చువేసిన కార్డులిత్తుము. కెమెరాకు చూపిన చాలును, తలుపు తెరచుకొనును. కాని అయిదేండ్ల బిడ్డ కార్డును కెమెరాకు చూపదు, తెరకు చూపును. తన ముఖము అగపడుచున్నది అచ్చటనే గదా, యంత్రము చూచుచున్నదియు అచ్చటినుండియే యని దాని తర్కము. అందు దోషమెంచుటకు నాకు మనసొప్పదు. కార్డును రెండంగుళములు పైకి జరుపుట నాకు లిప్తపాటు పని, జరుపను. చేతులు వెనుకకు కట్టుకొని, ‘దీనికి కన్నెక్కడుంది?’ అని అడుగుదును. బిడ్డ యంత్రమును త్రిప్పి త్రిప్పి చూచి, అంచున నున్న ఆ నల్లని చుక్కను వ్రేలితో పొడిచి, అటుపిమ్మట పక్కవానికి తానే గురువగును.

ఈ పట్టుదల నా సొంత తెలివి కాదు. 1967లో మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జి నగరమున సీమోర్ పాపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలమన్ మున్నగువారు పిల్లలకై లోగో అను కంప్యూటరు భాషను నిర్మించిరి. ఆజ్ఞాపించినట్లు నడచి గీతలు గీయు తాబేలొకటి పిదప దానికి వాహనమైనది. తాబేలు చతురస్రమును గీయకున్నచో బిడ్డ తానే తాబేలై నేలపై అడుగులువేసి, మలుపు తప్పినదెచ్చటనో కాలితో తెలిసికొనవలెను. యంత్రమునకు బిడ్డ నేర్పవలెనే గాని బిడ్డకు యంత్రము నేర్పరాదని పాపర్ట్ 1980లో ‘మైండ్‌స్టార్మ్స్’ గ్రంథమున వాదించెను. ఆ వంశముననే 2014లో, అక్షరములు రాని పిల్లలకొరకు, స్క్రాచ్ జూనియర్ అను యాప్ పుట్టినది. అందలి పిల్లిని చెట్టుదాక నడిపింపదలచిన బాలుడొకడు ఒక్కడుగు వేయించు నీలిదిమ్మెలను వరుసగా పేర్చుకొని పోవుచుండును. దిమ్మె క్రిందనున్న అంకెను మార్చినచో ఒక్క దిమ్మెయే చాలునని నాకు తెలియును, చెప్పను. పిల్లి చెట్టును చేరినది గదా, తొందరయేమి?

మన అక్షరాభ్యాసమున గురువు శిశువు వ్రేలిని పట్టుకొని బియ్యములో దిద్దించును, అది న్యాయమే. ‘ఓ’ కారపు వంపు తరతరములుగా స్థిరపడినది, బిడ్డ దానిని కొత్తగా కనుగొనవలసిన పనిలేదు. పిల్లి నడక అట్టిది కాదు, దానికి ముందుగా దిద్దిపెట్టిన రూపులేదు.

నేనిట్లు చేయందింపకుండుటకు తరగతి ఉపాధ్యాయిని నాపై విసుగుకొనును, ఆమెను తప్పుపట్టజాలను. ఉన్నది ముప్పావుగంట, పిల్లలు పాతికమంది. ఆమె వ్రేలు తెరమీదికి తానే పోవును. ‘సగం పనితో వదిలేస్తే వచ్చే వారం గుర్తుంటుందా?’ అని ఆమె సందేహము. పిల్లలకు గుర్తుండును. ఐతే స్క్రాచ్ జూనియర్‌లో చేసినది ఆ ఐప్యాడ్‌లోనే నిలిచియుండును గనుక, ఎవరిది వారికే మరల దక్కునట్లు ప్రతిదాని వెనుకను అంకెల చీటీలు అంటించి, బడి విడిచిన పిమ్మట వరుస తప్పకుండ ఛార్జింగు బండిలో సర్దుదును.