మూసుకుపోయిన హృద్ధమని: తెరవడమే విజయమా?

గుండెజబ్బును వివరించే పాఠములలో నీటిగొట్టము పోలిక తరచు కనిపిస్తుంది. గొట్టములో మడ్డి పేరుకుంటే నీరు ఆగుతుంది, మడ్డి తీస్తే పారుతుంది. హఠాత్తుగా వచ్చిన గుండెపోటుకు ఈ పోలిక చాలవరకు సరిపోతుంది. రక్తపు గడ్డ ధమనిని మూసినప్పుడు, గడిచే ప్రతి గంటకు కొంత కండరము చచ్చిపోతుంది గనుక, ఎంత త్వరగా తెరిస్తే అంత మేలు. కాని మూడు నెలలు, అంతకు పైబడి పూర్తిగా మూసుకొని ఉన్న ధమని సంగతి వేరు.

దీనికి పంటకాలువ పోలిక మెరుగు. పెద్ద కాలువ మెల్లగా పూడిపోతూంటే రైతు పక్క కాలువనుంచి బోదెలు తీసి చేను తడుపుకుంటాడు. గుండెలోను, పొరుగు ధమనులనుంచి వచ్చే సన్నని నాళములు క్రమంగా వెడల్పై, మూతకు అవతలి కండరమునకు రక్తము చేరవేస్తాయి. అందువలన ధమని పూర్తిగా మూసుకున్నా ఆ కండరము బ్రతికి ఉండవచ్చును. విశ్రాంతిలో ఆ రక్తము చాలుతుంది. మెట్లెక్కేటప్పుడు చాలక, నొప్పి, ఆయాసము కలుగుతాయి.

1977లో జ్యూరిచ్ నగరములో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ బుడగతో హృద్ధమనిని వెడల్పు చేసిన తరువాత కూడ, పాత మూతలు చాలాకాలము ఈ విద్యకు లొంగలేదు. పీచుకట్టి, సున్నము పేరుకొని గట్టిపడిన చోట తీగె దూరదు. జపాను వైద్యులు 2006లో ప్రకటించిన పద్ధతిలో, ఆ పక్కదారి నాళములగుండానే తీగెను నడిపి మూతను వెనుకనుంచి ఛేదిస్తారు. గుండెను ఇన్నాళ్లు కాపాడిన బోదెలే ఇప్పుడు వైద్యునికి బాట! అవి చిట్లితే ప్రమాదమూ ఉన్నది. నేర్పు మెచ్చదగినదే. కాని తెరచిన ధమని ఛాయాచిత్రము చూసి రోగి ఆయుష్షు పెరిగిందనడము తొందరపాటు.

ఆ మాటకు ఆధారముగా చూపేవి ఎక్కువగా, ధమని తెరుచుకున్నవారిని, ప్రయత్నించినా తెరుచుకోనివారిని పోల్చిన లెక్కలు. తెరుచుకోనివారిలో జబ్బు ముదిరినవారే హెచ్చుగా ఉంటారు. అటువంటి పోలికలో తేడా చికిత్సదో, జబ్బుదో తేలదు.

చీటీలు వేసినట్లు రోగులను రెండు జట్లుగా విడదీసిన పరిశోధన కొరియా వైద్యుల నాయకత్వమున జరిగి 2019లో అచ్చయింది. దాని పేరు డెసిషన్-సి.టి.ఓ. 815 మందిని సుమారు నాలుగేండ్లు గమనించగా మరణము, గుండెపోటు, పక్షవాతము, మళ్లీ ధమనిని సరిచేయవలసి రావడము, అన్నీ కలిపి మూత తెరిచే ప్రయత్నము చేసిన జట్టులో నూటికి 22.3, చేయని జట్టులో 22.4. దీనితో చికిత్స వ్యర్థమని తీర్మానించినవారూ తొందరపడ్డారు. 1,284 మందిని చేర్చదలచి మధ్యలోనే ఆపినారు. మందుల జట్టులో దాదాపు ఐదవవంతు మంది మూత తెరిపించుకున్నారు. తక్కిన ధమనులలోని ఇరుకులను రెండు జట్లలోను సరిచేశారు. ఇంత కలగాపులగములో చిన్న తేడా ఉన్నా కనిపించదు.

2018లో వెలువడిన యూరో-సి.టి.ఓ. పరిశోధన ఆయుష్షును గాక, రోగి సుఖమును కొలిచింది. అడగవలసిన ప్రశ్న అదే. 396 మందిలో, ఏడాది గడిచేసరికి నొప్పి పూర్తిగా పోయినవారు స్టెంటు జట్టులో నూటికి 71.6, మందులతో సరిపెట్టిన జట్టులో 57.8. మందులు వాడినా మెట్లెక్కలేని మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

అయితే ఎవరికి ఏ చికిత్స జరిగినదో ఆ రోగులకు తెలుసును. తెలిసినప్పుడు నమ్మకము కూడ నొప్పిని తగ్గిస్తుంది. బ్రిటనులో జరిగిన ఆర్బిటా పరిశోధన (2017) ఇందుకు హెచ్చరిక. పూర్తిగా మూసుకోని, ఒకే ధమని ఇరుకైన 200 మందిలో సగముమందికి స్టెంటు వేయకుండా, వేసినట్లే అంతా జరిపించినారు. ఆరు వారముల తరువాత నడక పరీక్షలో రెండు జట్లమధ్య తేడా 16.6 సెకండ్లు మాత్రమే. అది యాదృచ్ఛికము కాదని చెప్పడానికి చాలదు. మందులు మాన్పించి 301 మందితో జరిపిన రెండవ ఆర్బిటాలో (2023) మాత్రము స్టెంటు నొప్పిని తగ్గించిందని తేలినది. యూరో-సి.టి.ఓ.లో ఉత్తుత్తి చికిత్స పొందిన జట్టు లేదు గనుక, అందులోని దాదాపు 14 మంది తేడాలో ధమని వాటా ఎంతో, నమ్మకము వాటా ఎంతో ఆ లెక్కలనుంచి విడదీయలేము.