లుడ్విగ్ క్లాగెస్ లయసిద్ధాంతం: ద్విపద, నాటుపాటల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
జర్మన్ ప్రాణతత్త్వవాది, మనోవిజ్ఞానవేత్త లుడ్విగ్ క్లాగెస్ (1872–1956) తాళాన్ని బుద్ధికి, లయను ప్రాణానికి చెందినవిగా విభజించాడు. ఈ విభజన తెలుగు ఛందస్సుకు, శ్రమగేయానికి ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ప్రాణతత్త్వవాదం, తాళం, లయ, ద్విపద, నాటుపాట.

1. జీవితం – దృక్పథం:
హానోవర్‌లో జన్మించిన క్లాగెస్ మ్యూనిక్‌లో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ పొందాడు. చేతిరాతను బట్టి వ్యక్తిస్వభావాన్ని వివరించే అధ్యయనాలు ఆయనకు పేరు తెచ్చాయి. 1913 నాటి ‘మనిషి – భూమి’ వ్యాసంలో ప్రగతి పేరిట అడవులు, జీవజాతులు నశించడాన్ని నిరసించాడు. 1929–32 మధ్య వెలువడిన ప్రధానగ్రంథంలో ‘గైస్ట్’ను ‘జేలె’కు విరోధిగా నిరూపించబూనాడు. గైస్ట్ అంటే కొలిచే, సంకల్పించే బుద్ధి. జేలె దేహంతో విడదీయరాని ప్రాణచైతన్యం. దీన్ని వేదాంతపరిభాషలోని ‘ఆత్మ’గా అనువదిస్తే ఆయన భావం తలకిందులవుతుంది.

2. తాళం – లయ:
‘లయ స్వభావం’ అనే రచనలో ఈ ద్వంద్వమే కళకు అన్వయమైంది. తాళం ఉన్నదాన్నే మళ్లీ చెబుతుంది. లయ పోలినదాన్ని కొత్తగా తెస్తుంది. యంత్రపు చప్పుడు మొదటిదానికి, కెరటం రెండవదానికి ఉదాహరణలు. మనిషిలో రెండూ కలవగలవని ఆయన అంగీకరించినా, వాటి మూలాలు పరస్పరవిరుద్ధాలనే భావించాడు.

3. ద్విపద ఇచ్చే సాక్ష్యం:
పాల్కురికి సోమనాథుడు బసవపురాణానికి ఎన్నుకొన్న ద్విపదలో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణాలు ఆరు, సూర్యగణాలు రెండు. కాబట్టి ఒక పాదానికి 432 రూపాలు సాధ్యం. ఇంద్రగణం నాలుగు మాత్రలు కావచ్చు, ఐదు కావచ్చు. మూడవగణం మొదటి అక్షరంపై యతి మాత్రం స్థిరం. క్లాగెస్ లయలో చూసిన ‘పోలిక’ ఇదే. అయితే దానికి చోటిచ్చింది లక్షణం, అంటే బుద్ధి కూర్చిన నియమం. ఇక్కడ నియమం ప్రాణానికి విరోధి కాదు, ఆశ్రయం.

4. నాటుపాట:
పెన్‌పహాడ్, మిర్యాలగూడ ప్రాంతాల వరిపొలాలకు పరిచితమైన నాటుపాటలో ఒకరు ఎత్తుకొంటే మిగిలినవారు అందుకొంటారు. వంగిన నడుము, వెనక్కి పడే అడుగు, పల్లవి ఒక్క లెక్కలో సాగాలి. శ్రమ నుంచే లయ పుట్టిందని కార్ల్ బ్యూషర్ 1896లోనే వాదించాడు. ఈ లెక్క యంత్రం విధించినది కాదు. కలిసి పనిచేసేవారు కుదుర్చుకొన్నది. పాట ఎత్తుకొనే స్త్రీ ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఊపిరికి విడువాలో ఎరుకతో నిర్ణయిస్తుంది.

జానపదం సహజమని, శిష్టకవిత్వం నియమబద్ధమని మన తరగతి గదుల్లో తరచూ వినిపించే మాట క్లాగెస్ విభజనకు దగ్గరిది. ప్రశంసలా కనిపించే ఈ మాట ఆ గాయనికి ప్రాణాన్ని ఇచ్చి బుద్ధిని నిరాకరిస్తుంది. ఆమె పాటకు లక్షణం రాయవలసిన బాధ్యత నుంచి పరిశోధకుణ్ణి తప్పిస్తుంది.

5. ముగింపు:
క్లాగెస్ రచనల్లో యూదుద్వేషం ఉంది. ప్రాణానికి ఒక శత్రువును నిర్ణయించిన తత్త్వం మనుషుల్లోనూ శత్రువును వెతకడం యాదృచ్ఛికం కాదు. పర్యావరణవిమర్శ ‘మనిషి – భూమి’ని స్వీకరించేటప్పుడు ఈ సంగతిని విస్మరించరాదు. ఆయన నుంచి గ్రహించదగినది పునరుక్తికీ పునర్నవతకూ మధ్య చూపిన భేదం. విడువదగినది బుద్ధికీ ప్రాణానికీ కల్పించిన వైరం. నాటుపాటల గణ, మాత్రా విభజనను ద్విపదకు ఇచ్చినంత శ్రద్ధతో నమోదు చేయడం ఈ పరిశీలన సూచించే తదుపరి పని.