బరువు మీదే బిగించాలి

స్పీడ్‌బ్రేకర్ దిగగానే ముందు చక్రం దగ్గర టక్కుమంటుంది. బ్రేకు తొక్కితే బండి ఓ పక్కకు లాగుతుంది. టైరు ఒక అంచునే అరుగుతుంది. ఈ మూడూ విన్న మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా ‘బుష్షులు పోయాయండీ’ అనేస్తాడు. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. ఎందుకు పోయాయో మాత్రం ఎవరూ చెప్పరు.

బుష్షులో ఉండేవి మూడే: లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఇంకో గొట్టం, రెంటికీ అంటుకుని మధ్యలో రబ్బరు. బోల్టు బిగించాక లోపలి గొట్టం బాడీని కరుచుకుని కదలకుండా ఉండిపోతుంది. చక్రం లేచి పడ్డప్పుడల్లా, దాన్ని బాడీకి కలిపే ఆర్మ్‌తో పాటు బయటి గొట్టం కొద్దిగా తిరుగుతుంది. ఆ తేడానంతా రబ్బరే, పిండుతున్న బట్టలా మెలిపడి, భరిస్తుంది. ఇనుమూ ఇనుమూ రాసుకోవు గనక గ్రీజుతో పనిలేదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి కాచి గట్టిపరిచే కిటుకు పట్టుకోకపోతే, ఎండకు జిగురయ్యే పచ్చి రబ్బరుకు ఇంత ఓపిక ఎక్కడిది?

ఇంట్లో బుష్షులు మార్చడం నేర్చుకోవడానికి మారుతి 800 మంచి బండి. 1983 చివరి నుంచి 2014 దాకా తయారైంది కాబట్టి దాని సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. ముందు చక్రానికి కింద ఒక్క సన్నటి ఆర్మే ఉంటుంది. అది చక్రాన్ని అడ్డంగా పట్టుకుంటుంది తప్ప ముందుకూ వెనక్కూ ఆపలేదు. ఆ బాధ్యత ముందు చక్రాలు రెంటినీ కలిపే స్టెబిలైజర్ బార్‌ది. అందుకే ఈ బండిలో బార్ రబ్బర్లు అరిగితే బ్రేకు వేసినప్పుడు చక్రం కాస్త వెనక్కి జరిగి చప్పుడు చేస్తుంది. ఆర్మ్ బుష్షు మార్చినా ఆ చప్పుడు పోలేదంటే చూడాల్సింది అక్కడే.

విప్పే ముందు పొడవాటి లీవరుతో ఆర్మ్‌ను బుష్షు దగ్గర అటూ ఇటూ మీటి చూడాలి. రబ్బరు పైన సన్నటి పగుళ్లు వయసు గుర్తులే, వాటికి భయపడక్కర్లేదు. రబ్బరు గొట్టం నుంచి ఊడివచ్చినా, లోతుగా చీలినా, మీటినప్పుడు ఇనుముకు ఇనుము తగిలినా మార్చాల్సిందే.

జాకీ బండిని ఎత్తడానికే. దాని ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. వెనక చక్రాలకు చెక్కలు అడ్డం వేయాలి. ముందు రెండు వైపులా సమంగా ఎత్తాలి. ఒక వైపే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలిపడి ఉండి, బోల్టు తీయగానే ఎగిరి తగలవచ్చు. బార్‌ను బాడీకి పట్టే రబ్బర్లు చీలిక ఉన్నవైతే చేత్తోనే మారతాయి.

ఆర్మ్ బుష్షు అంత తేలిగ్గా లొంగదు. రబ్బరును మంటపెట్టి కాల్చి తీసే పద్ధతి చాలాచోట్ల ఉంది. అలా చేస్తే ఆ పొగంతా మన ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఇంట్లో ఒక పొడవాటి స్టడ్డు, రెండు నట్లు, మందపాటి వాషర్లు, రెండు సాకెట్లు చాలు. ఒక సాకెట్ బుష్షు బయటి గొట్టం కంటే పెద్దదిగా ఉండి ఆర్మ్‌కు ఆనాలి, రెండోది ఆ గొట్టం అంచు మీదే కూర్చునేంత ఉండాలి. నట్టు తిప్పుతుంటే బుష్షు పెద్ద సాకెట్లోకి జారుతుంది. కొత్తదాన్నీ ఇలాగే ఎక్కించాలి. రబ్బరు మీద నొక్కితే లోపల ఊడిపోతుంది. ఆర్మ్ రంధ్రంలో తుప్పు గీకి కాస్త సబ్బునీళ్లు రాస్తే చాలు. ఇంజనాయిలూ మామూలు గ్రీజూ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. ఇంత కష్టం ఎందుకనుకుంటే ఆర్మ్‌ను లేతుషాపుకు తీసుకెళ్లి ప్రెస్సు వేయించుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

అసలు విద్య చివర ఉంది. బండి పైన ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. అప్పుడే బోల్టు గట్టిగా బిగిస్తే రబ్బరుకు ఆ వాలే విశ్రాంతి స్థానం అయిపోతుంది. బండిని దింపగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. ఇక ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడు కూడా ఆ మెలి వదలదు. గుంత తగిలినప్పుడు దాని మీద ఇంకాస్త. ఏళ్లపాటు రావాల్సిన బుష్షు నెలల్లోనే చిరిగిపోతుంది, నింద నాసిరకం సామాను మీద పడుతుంది. గ్యారేజీలో ఇలా జరగడానికి కారణం తెలియనితనం కాదు, తొందర. లిఫ్ట్ మీద బండి, వెనక ఇంకో బండి.

కాబట్టి పైన ఉన్నప్పుడు బోల్టులు చేతి బిగువుతోనే ఆపాలి. చక్రాలు వేసి బండిని దించి, ముందుకూ వెనక్కూ తోసి, బానెట్ మీద రెండుమూడు సార్లు నొక్కి వదలాలి. కిందికి చెయ్యి పట్టకపోతే, నాలుగు చక్రాలూ సమంగా ఉండేలా గట్టి దిమ్మెల మీదికి ఎక్కించుకోవాలి. అప్పుడు టార్క్ రెంచితో, సర్వీసు మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. స్ప్లిట్ పిన్ను ఉన్నచోట కొత్తదే వేయాలి. ఇంట్లో ఈ పని చేసుకోవడంలో నాకు కనిపించే అసలు లాభం మిగిలే డబ్బు కాదు, ఈ చివరి మెట్టు దగ్గర దొరికే తీరిక.

పాలీయూరిథేన్ బుష్షులకు ఈ బాధ లేదు. వాటిలో పాలీయూరిథేన్ లోపలి గొట్టం చుట్టూ జారి తిరుగుతుంది, రబ్బరులా మెలిపడదు. కానీ వాటికి సరిపడే గ్రీజు పెట్టకపోతే కిర్రుమంటాయి, రోడ్డు అదురును నేరుగా సీటులోకి పంపిస్తాయి. మన గతుకుల మీద రోజూ ఆఫీసుకు తిరిగే బండికి రబ్బరే నయం.

కొన్ని బండ్ల బుష్షుల్లో రబ్బరు మధ్య ఖాళీలు వదులుతారు, అవి ఏ దిక్కున ఉండాలో లెక్క ఉంటుంది. పాతది తీయకముందే ఆర్మ్ మీద మార్కరుతో గీత పెట్టుకోవాలి. అల్యూమినియం ఆర్మ్‌లైతే స్టడ్డు బలం చూపించకుండా ప్రెస్సుకు ఇవ్వడమే మేలు. పని ముగిశాక వీల్ అలైన్‌మెంట్ చేయించి, కొన్నాళ్లు తిరిగాక బోల్టుల బిగువు మరోసారి చూసుకోవాలి, అదీ బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే.